బొమ్మ మీద అక్షరాలెన్ని?

మొన్న ఆవకాయ రోజుల్లో మా పక్కింటి వదినగారు ఫోన్ పట్టుకుని వచ్చారు. ఆవిడ పచ్చళ్లు పెట్టి అమ్ముతారు. కొట్టూ లేదు, బోర్డూ లేదు. ఉన్నదల్లా ఫేస్‌బుక్ పేజీ ఒక్కటే.

"చూడమ్మా, అయిదొందలు కట్టి ప్రకటన వేయించాను. ధరెంత అని అడిగే ఫోన్లే గానీ ఒక్క ఆర్డరూ లేదు" అన్నారు.

చూద్దును కదా, జాడీ బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. ధర లేదు, బరువు లేదు. ఇదేమిటండీ అంటే, "పోస్టర్ చేసిన డీటీపీ కుర్రాడు తీసేశాడు. బొమ్మలో ఇరవై శాతం మించి అక్షరాలుంటే ఫేస్‌బుక్ ఎవరికీ చూపించదట" అన్నారు.

ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు. పాత మాట చెప్పాడు, అంతే.

2013లో ఫేస్‌బుక్ నిజంగానే ఆ నియమం పెట్టింది. బొమ్మను అడ్డం అయిదు, నిలువు అయిదు, మొత్తం 25 గళ్లుగా విడదీసి చూసేవారు. అక్షరాలు అయిదు గళ్లు దాటాయా, ప్రకటన తిరస్కరించేవారు. 2016లో కొంచెం మెత్తబడ్డారు. తిరస్కరించడం బదులు, అక్షరాలు పెరిగేకొద్దీ ప్రకటన తక్కువమందికి చేరేలా చేశారు. 2020 సెప్టెంబరులో ఆ ఆంక్షా ఎత్తేశారు. ఇంకో సంగతి. ఈ నియమం డబ్బు కట్టి వేసే ప్రకటనలకే. మనం ఊరికే పెట్టుకునే పోస్టులకు కాదు.

ఇంటివాడు గోడకి మేకు కొట్టొద్దంటాడు. తర్వాత కొట్టుకోవచ్చంటాడు. మొదటి మాట వీధంతా పాకుతుంది, రెండోది మనదాకా రాదు. ఇదీ అలాగే అయింది. నియమం పెట్టేది ఎక్కడో, తీసేసేది ఎక్కడో. నష్టం మాత్రం జాడీలు కడిగి ఎండబెట్టుకునే మన చేతులకి!

అలాగని బొమ్మ నిండా రాసేయమని కాదు. అక్షరాలు తక్కువగా ఉంటేనే మంచిదని ఆ కంపెనీ సలహాగా ఇప్పటికీ చెబుతోంది. అందులో నిజం లేకపోలేదు. అరచేతిలో పట్టే ఫోన్లో చీమల బారులాంటి రాత ఎవరు చదువుతారు? వేలు జరిగిపోయేలోపు కంటికి ఆనేది ఎర్రటి ఆవకాయా, రెండు మూడు పెద్ద మాటలూ, అంతే. మిగతావన్నీ బొమ్మ కింద రాయాలి. అక్కడ రాస్తే ఇంకో లాభం కూడా ఉంది. చూపులేనివారికి ఫోన్ పైకి చదివి వినిపించేది ఆ రాతనే. బొమ్మలో అతికించిన తెలుగు అక్షరాలను అది సరిగ్గా చదువుతుందన్న నమ్మకం లేదు. మనం రాసింది వాళ్లకీ అందాలి కదా!

వదినగారూ నేనూ కూర్చుని బొమ్మ మీద "ఆవకాయ, కిలో ధర" రెండే పెద్దగా వేశాం. నూనె ఏదో, కారం ఎక్కడిదో, ఎన్ని రోజుల్లో పంపుతారో కింద రాశాం. ఈసారి పైసా కట్టలేదు. ధర అడిగే ఫోన్లు తగ్గాయి. వారంలో మూడు ఆర్డర్లు వచ్చాయి. మూడే అయినా, ధర చూసి వచ్చినవి.

ఎవరైనా "ఫేస్‌బుక్ రూలండీ" అంటే ఇకమీదట ఒక్క ప్రశ్న వేద్దాం: "ఏ సంవత్సరంది బాబూ?"