తూర్పుతీర రైల్వే జనరల్ మేనేజరుగారికి బహిరంగ లేఖ

ఆర్యా,

టికిరి చేరువనున్న ఉత్కళ్ అల్యూమినా కర్మాగారమున జీవిక గడపుచు, పెరుగుచున్న సంసారమునకు చాలినంత ఇల్లు వెదకుకొను మావంటి తెలుగువారికి, కొండల నడుమ సొరంగములు దూరి సాగు కొరాపుట్–రాయగడ రైలుమార్గమే నివాసనిర్ణయమునకు ఆధారము.

టికిరికి తూర్పున, 1992లో జిల్లా కేంద్రమైన రాయగడలో బంధుజనమును, తెలుగు పలుకుబడియు, మజ్జిగౌరమ్మ సన్నిధియు గలవు. పడమట కొరాపుటులో 2017లో నెలకొన్న వైద్యకళాశాల వృద్ధులైన తల్లిదండ్రులకు ధైర్యము. అద్దెయు, గదులును, బడిదూరమును తూచుకొనుట మా వంతు. అయినను, ఉదయపు షిఫ్టునకు టికిరి చేర్చి, పని ముగిసినపిదప మరల్చు పాసింజరు బండి స్థిరముగా నడవనిచో, ఆ తూకమంతయు వ్యర్థము.

కావున, బండ్ల వేళలు నిర్ణయించునపుడు దూరప్రయాణికులతోపాటు నిత్యప్రయాణికులను సైతము గణింప ప్రార్థన.

ఇట్లు,
టికిరి ఉద్యోగి యొకడు