214 కోట్లు దాటితే చోటు లేదు

2018 నవంబరు 8న, ప్రాజెక్టు పనులు నిర్వహించే సాఫ్ట్‌వేర్ అయిన బేస్‌క్యాంప్ వాడే కంపెనీలకు వింత పరిస్థితి ఎదురైంది. పాత సందేశాలు చదువుకోవచ్చు గానీ కొత్తగా ఒక్క ముక్క రాయడానికి లేదు. దాదాపు అయిదు గంటలు ఇదే వరస. సర్వర్లు కూలలేదు, హ్యాకర్లు చొరబడలేదు. ఒక టేబుల్లో ఐడీ నంబర్లు అయిపోయాయి, అంతే. ఆ కాలమ్ 32 బిట్ల ఇంటీజర్. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. బేస్‌క్యాంప్‌కు పునాది అయిన వెబ్ ఫ్రేమ్‌వర్క్ రూబీ ఆన్ రైల్స్ అంతకు ముందు ఏడాదే కొత్త టేబుళ్లకు 64 బిట్ల ఐడీలను డిఫాల్ట్ చేసింది. పాత టేబుల్ మాత్రం పాత కొలతలోనే ఉండిపోయింది.

రైల్స్ వాళ్ల గొడవ మనకెందుకని పైథాన్ ప్రోగ్రామర్లు అనుకుంటే పొరపాటే. వాళ్లకే ఏమరుపాటు ఎక్కువ. పైథాన్‌లో పూర్ణాంకానికి హద్దు లేదు, మెమరీ ఉన్నంతవరకూ పెరుగుతుంది. డేటాబేస్ అలా కాదు, ముందే బైట్లు కొలిచి ఇస్తుంది. మన మొబైల్ నంబరునే తీసుకోండి. 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పది అంకెలు, అంటే కనీసం 600 కోట్లు. పైథాన్ కిమ్మనకుండా తీసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇంటీజర్ కాలమ్‌కు ఇస్తే 'ఇంటీజర్ అవుట్ ఆఫ్ రేంజ్' అని తిప్పికొడుతుంది.

తిప్పికొడితే నయమే. చప్పుడు చేయకుండా అంకె మార్చేస్తేనే కొంప మునిగేది. 9007199254740993 అనే ఐడీని జేసన్‌లో సంఖ్యగా పంపితే, బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ చివరి 3ను 2గా చదువుతుంది. అడిగింది ఒకరి రికార్డు, తెరిచేది ఇంకొకరిది. 2010లో స్నోఫ్లేక్ పద్ధతిలో భారీ ఐడీలకు మారిన ట్విటర్, అందుకే అదే ఐడీని స్ట్రింగ్‌గా కూడా పంపడం మొదలుపెట్టింది. పాండాస్‌లోనూ ఇదే బెడద: సీఎస్‌వీ ఫైలులో ఒక్క ఐడీ గడి ఖాళీగా ఉన్నా, టైపు చెప్పకపోతే కాలమ్ మొత్తం ఫ్లోట్ అయిపోతుంది.

కాలమ్ నిండిపోకుండా ఉండాలంటే 64 బిట్ల ఐడీలే దారి. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో 2021లో, 3.2 వెర్షన్‌తో, కొత్త ప్రాజెక్టులకు బిగ్‌ఆటోఫీల్డ్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో బిగ్‌ఇంటీజర్ అని మనమే రాసుకోవాలి. రికార్డుకు నాలుగు బైట్లు ఎక్కువవుతాయని వెనకాడేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు మిగిల్చేది పది కోట్ల రికార్డులకు, ఇండెక్సులు వదిలేస్తే, 400 మెగాబైట్లు. తర్వాత మార్చాలంటే పోస్ట్‌గ్రెస్ టేబుల్ మొత్తాన్ని తిరగరాస్తుంది, అది ముగిసేదాకా టేబుల్‌కు తాళమే.

'మా దగ్గర 50 కోట్ల రికార్డులే ఉన్నాయి' అన్న భరోసా కూడా చెల్లదు. తుడిచేసిన రికార్డుల నంబర్లు, రోల్‌బ్యాక్ అయిన లావాదేవీల నంబర్లు, ఐడీలు ఇచ్చే సీక్వెన్స్‌కు తిరిగి రావు. కాబట్టి చూడాల్సింది రికార్డుల లెక్క కాదు, సీక్వెన్స్ ఎక్కడిదాకా వచ్చిందో. అది వంద కోట్లు దాటిందంటే మార్పు పని మొదలుపెట్టాల్సిందే. ఆ ఐడీని ఫారిన్ కీగా దాచుకున్న ప్రతి టేబుల్నీ జాబితాలో చేర్చాలి. ప్రైమరీ కీ ఒక్కటే మార్చి ఊరుకుంటే 'అవుట్ ఆఫ్ రేంజ్' ఈసారి పక్క టేబుల్లో వస్తుంది.