ఫ్యూజు, స్టార్టరు తెలిసినవారికి ఇంగ్లీషు రాదా?

మన పల్లెల్లో ఎవరిని కదిపినా "మాకు ఇంగ్లీషు రాదండీ" అంటారు. ఆ నోటితోనే ఫ్యూజు పోయింది, స్టార్టరు కాలింది, లైన్‌మేన్ రాలేదు, డాక్టరు ఇంజక్షను వేశాడు అంటారు. ఈ మాటలు ఎవరూ బళ్ళో నేర్చుకోలేదు. అవసరమే నేర్పింది.

ఇది నేటి సంగతి కూడా కాదు. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాల కోసం సి.పి.బ్రౌన్ 1854లోనే ఒక నిఘంటువు వేశాడు. వాళ్ళూ మన మాటలు తీసుకున్నారు. గట్లు తవ్వే మన పందికొక్కే ఇంగ్లీషులో బాండికూట్ అయింది. కనుక ఇంగ్లీషంటే బెదరవలసిన పని లేదు.

చిక్కల్లా మన వాడుకకూ, వాళ్ళ వాడుకకూ తేడా వచ్చిన చోటనే. చదువు పూర్తయిన కుర్రాడు "పాస్డ్ అవుట్" అంటాడు. మన దేశంలో చెల్లుతుంది. ఇంగ్లండులో అంటే స్పృహ తప్పి పడిపోయాడనుకుంటారు. ఫోనులో "హాంగ్ ఆన్" అంటే ఉరి సంగతి కాదు, కాస్త ఆగమని. తెలుగు ఆడపిల్లలు కొందరు నర్సు పనికి బ్రిటన్ వెళుతున్నారు. అక్కడి ముసలి రోగి "అండర్ ది వెదర్" అన్నాడంటే వానలు, ఎండల గురించి కాదు, ఒంట్లో నలతగా ఉందని. "స్పెండ్ ఎ పెన్నీ" అన్నాడంటే డబ్బు గొడవ కాదు, మరుగుదొడ్డికి వెళ్ళాలని. ఎంత వ్యాకరణం వల్లించినా ఇవి తెలియవు.

విదేశాల మాట అటుంచండి. మన గూట్లో ఉన్న మందు సీసా మాటేమిటి? "ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ" అంటే పైపూతకు మాత్రమే, తాగరాదు. ఆ నాలుగు మాటలు తెలియక తాగితే ప్రాణం మీదికి వస్తుంది. "షేక్ వెల్" అంటే బాగా కుదిపి వాడాలి. చీటీ మీద బి.డి. అంటే రోజుకు రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైతేనే. ఈ పొట్టి అక్షరాలు ఇంగ్లీషువి కూడా కావు, లాటిన్‌వి. ఎం.ఏ. ప్యాసైనవారు కూడా తెల్లమొహం వేస్తే ఆశ్చర్యం లేదు.

పురుగుమందు డబ్బా మీద ఏటవాలుగా నిలబెట్టిన చదరం ఒకటి ఉంటుంది. దాని కింది సగం ఎరుపయితే అతి తీవ్ర విషం. పైన పుర్రె బొమ్మ, "పాయిజన్" అన్న మాట ఉంటాయి. పసుపుకూ "పాయిజన్" అనే ఉంటుంది. నీలానికి "డేంజర్", ఆకుపచ్చకు "కాషన్", అంటే జాగ్రత్త. ఆకుపచ్చ చూసి ఫరవాలేదనుకోరాదు, అదీ విషమే. తెలుగులో కూడా రాయాలన్న నిబంధన ఉంది. కాని ఆ అక్షరాలు చీమల బారులా ఉంటాయి. చత్వారం వచ్చిన రైతుకు అవి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

బడులలో ఏ మాధ్యమం ఉండాలన్న వాదం 2020లో ఆంధ్రప్రదేశ్‌లో హైకోర్టు దాకా వెళ్ళింది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. ఆ వాదం పెద్దలు తేల్చుకుంటారు. మాధ్యమం ఏదైనా, ఆవు మీద వ్యాసం అప్పజెప్పే పిల్లవాడు నాన్న చేతిలోని మందు చీటీ చదవలేకపోతే ఆ చదువు ఇంటికి ఏ మేరకు పనికొచ్చినట్టు?

మన ఉన్నత పాఠశాలల ఇంగ్లీషు ఉపాధ్యాయులు వారానికి ఒక్క పీరియడు దీనికి కేటాయించాలి. పిల్లలు ఇంటినుంచి ఖాళీ మాత్రల అట్ట, ఎరువు బస్తా, బ్యాంకు చీటీ తెచ్చుకుంటారు. బస్తా మీద 18-46-0 అని ఉంటే నత్రజని, భాస్వరం, పొటాష్ పాళ్ళని అక్కడే చెప్పవచ్చు. పురుగుమందు డబ్బాను మాత్రం బడికి తేనివ్వరాదు, గుర్తులు నల్లబల్ల మీద గీసి చూపితే చాలు. నేర్చుకున్నది పిల్లలు ఆ సాయంత్రమే ఇంట్లో చదివి వినిపించాలి. దీనికి విద్యాశాఖ ఉత్తర్వు అవసరం లేదు, ప్రధానోపాధ్యాయులు తలచుకుంటే వచ్చే సోమవారమే మొదలవుతుంది. మందుల షాపులవారు కూడా కవరు మీద పూటలు తెలుగులో రాసి ఇవ్వాలని కోరుతున్నాం.