పండ్లు తోము యంత్రము: ఎవరికి, ఎట్టిది?

ప్రాతఃకాలమున లేచినంతనే మనము చేయు మొదటి పని పండ్లు తోముకొనుట. వేపపుల్ల, ఉత్తరేణి వేరు, కచ్చిక, పండ్లపొడి, తరువాత బ్రష్షు: ఇట్లు కాలక్రమమున సాధనములు మారినవి గాని, తోమెడి చేయి మాత్రము మారలేదు. ఇప్పుడా చేతి పనిని కూడ కొంతవరకు తనమీద వేసికొను సాధనమొకటి మన ఊళ్ళ మందుల దుకాణములలోనికి సైతము వచ్చినది. పిడిలో ఒకటి రెండు పెన్సిల్ సెల్లులు వేసి మీట నొక్కినచో చాలును, కుంచె తనంతట తానే కదలును. దీనిని బ్యాటరీ బ్రష్షు అనుచున్నారు.

ఆ మధ్య మా అధ్యాపకుల గదిలో దీనిని గూర్చి చిన్న వాదము జరిగినది. ఒక యువ అధ్యాపకుడు తాను క్రొత్తగా కొన్న బ్రష్షును చూపగా, పెద్దవారొకరు "చేతులు పడిపోయాయటయ్యా, పళ్ళు తోముకోడానికి కూడా మిషను కావలసి వచ్చింది?" అని నవ్విరి. యువకుడు తగ్గలేదు. "చేత్తో తోమడం పాతకాలపు పనండీ. ఇది ఉంటే ఇక డాక్టరుతో పనే లేదు" అనెను. ఈ రెండు మాటలును సరియైనవి కావని నా అభిప్రాయము. అయినను, "చేతులు పడిపోయాయా" అను ఆ పరిహాసము మాత్రము నన్ను చాలసేపు విడువలేదు. ఏలయన, మా యింట నిజముగనే ఒకరి చేతులు పడిపోవుచున్నవి.

మా అమ్మకు ఎనుబది రెండేండ్లు. కీళ్ళవాతముచే వ్రేళ్ళు వంకరలు పోయినవి. సన్నని బ్రష్షు పిడి ఆమె గుప్పిట నిలువదు. ఈ సంగతి ఆమె మాకు చెప్పలేదు. ఉదయము పెరటిలోనికి పోయి, నీళ్ళు పుక్కిలించి, పండ్లు తోముకొన్నట్లే వచ్చి కాఫీకి కూర్చుండెడిది. చిగుళ్ళనుండి నెత్తురు వచ్చుచుండగా దంతవైద్యుని వద్దకు తీసికొనిపోయిన నాడుగాని మాకు నిజము తెలియలేదు. తాను తోమెదనని నా భార్య అన్నది. అమ్మ ఒప్పుకొనలేదు. "అన్నం కలిపి పెట్టించుకుంటాను, తల దువ్వించుకుంటాను. నా నోరు మాత్రం ఇంకొకరి చేతికి ఇవ్వలేనురా" అన్నది. మనిషి తన శరీరమునకు తాను చేసికొను సేవలలో కడపటివరకు తన చేతిలోనే ఉండవలెనని కోరుకొనునవి కొన్ని గలవు. పండ్లు తోముకొనుట వానిలో ఒకటియని నాకు ఆనాడు తెలిసినది.

ఈ యంత్రము పుట్టుకయే ఇట్టివారి కొరకు. 1954లో స్విట్జర్లాండులో డాక్టర్ ఫిలిప్ గీ వూగ్ 'బ్రాక్సోడెంట్' అను విద్యుత్ బ్రష్షును రూపొందించెను. చేతి కదలిక సరిగా లేని రోగులకును, పండ్లు సరిచేయుటకు తీగలు కట్టించుకొన్నవారికిని ఉపయోగపడవలెనన్నది దాని ఉద్దేశము. అది గోడలోని విద్యుత్తుతో నడచెడిది. 1961లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ తీగతో పనిలేని, చార్జి చేసికొనదగిన బ్రష్షును ప్రవేశపెట్టెను. నేడు మనము చూచు సెల్లుల బ్రష్షు ఆ వంశములోనిదే. కావున ఇది సోమరుల కొరకు పుట్టినదనుట చరిత్ర ఎరుగని మాట. కళ్ళజోడు పెట్టుకొన్నవానిని చూచి "కన్నులు పోయినవా?" అని ఎవరును నవ్వరు గదా!

ఇక యువకుని మాట. యంత్రమున్నచో వైద్యునితో పనిలేదనుట అంతకంటెను పెద్ద పొరపాటు. చేతి బ్రష్షులను, విద్యుత్ బ్రష్షులను పోల్చిన పరిశోధనలను కాక్రేన్ సంస్థవారు 2014లో సమీక్షించిరి. 56 పరిశోధనలు, వానిలో పాల్గొన్న 5,068 మంది ఆ సమీక్షకు ఆధారము. పండ్లపై పేరుకొను పాచి, ఒకటి మొదలు మూడు నెలల వాడుకలో చేతి బ్రష్షుతో కంటె విద్యుత్ బ్రష్షుతో 11 శాతము, మూడు నెలలు దాటిన వాడుకలో 21 శాతము తక్కువగా నున్నట్లు తేలినది. చిగుళ్ళ వాపు విషయమున ఆ తేడా 6 శాతము, 11 శాతము మాత్రమే. మేలున్నమాట నిజము. కాని అది అద్భుతము కాదు. మరియొక సంగతి గూడ ఆ సమీక్షలోనే యున్నది: బ్రష్షుల ఖరీదు, మన్నిక, దుష్ఫలితములు అను విషయములను ఆ పరిశోధనలన్నియు ఒకే తీరున తెలుపలేదట. అనగా సామాన్య గృహస్థు మొట్టమొదట అడుగు ప్రశ్నకు అచట సరియైన జవాబు లేదు. దానిని మనమే వెదకికొనవలెను. అదియునుగాక, ఏ బ్రష్షయినను పాచిని తీయునే గాని గట్టిపడిన గారను తీయలేదు. గార తీయుట వైద్యుని పని.

నేను కూడ మొదట వెదకకయే కొంటిని. ధర తక్కువగా నున్నదని, అట్టమీది బొమ్మ బాగున్నదని ఒక బ్రష్షును తెచ్చి అమ్మ చేతికిచ్చితిని. మూడు నెలలకు దాని వెంట్రుకలు విచ్చుకొనిపోయినవి. దుకాణమునకు పోయి కుంచె తల మాత్రము ఇమ్మని అడిగితిని. "వీటికి తలలు విడిగా రావండి. ఇంకొకటి తీసుకోండి" అని దుకాణదారు సమాధానము. యంత్రము చక్కగా తిరుగుచున్నది, వెంట్రుకలు మాత్రమే పోయినవి. అయినను దానినంతయు పారవేయవలసి వచ్చినది. అంతకుమించిన లోపము మరియొకటి అప్పుడే తెలిసినది. దాని మీట మిక్కిలి బిరుసు. అమ్మ దానిని బొటనవ్రేలితో నొక్కలేక, గోడకు ఆనించి నొక్కుచుండెడిదట! అదియు ఆమె చెప్పలేదు.

ఈ అనుభవము నాకు నేర్పినదేమనగా, బ్యాటరీ బ్రష్షును కొనునపుడు పిడి ధర అడుగుట కడపటి ప్రశ్న కావలెను. మొదటి ప్రశ్న: "దీనికి కుంచె తల విడిగా దొరకునా? మీ దుకాణములో ఇప్పుడున్నదా?" బ్రష్షును మూడు నెలలకొకసారి మార్చవలెనని దంతవైద్యులు చెప్పుదురు. వెంట్రుకలు ముందుగానే విచ్చుకొన్నచో అప్పుడే మార్చవలెను. కావున పిడితో పాటు ఒక తలను అదనముగా కొనినవారు తెలివైనవారు. తలలు విడిగా దొరకునట్టి బ్రష్షుతో మరియొక సదుపాయము గలదు. ఇంటిలో నలుగురున్నను పిడి ఒక్కటి చాలును, ఎవరి తల వారిదే. కలిసిపోకుండ రంగు ఉంగరములు గల తలలు గూడ దొరకును.

రెండవ ప్రశ్న సెల్లును గూర్చినది. గోడగడియారమునకు వేయు పెన్సిల్ సెల్లు, అనగా డబుల్ ఏ రకము, పల్లెలోని కిరాణా కొట్టులో సైతము దొరకును. దానితో నడచు బ్రష్షు మేలు. రోజుకు రెండుసార్లు, సారికి రెండు నిమిషముల చొప్పున తోముకొన్నచో ఆ యంత్రము నెలకు పనిచేయునది రెండు గంటలు మాత్రమే. ఏడాదికి లెక్కించినను ఒక పగలు, ఒక రేయి. ఇంత స్వల్పమైన పనికి సామాన్యునకు సెల్లు చాలును. విప్పుటకు వీలులేని బ్యాటరీని పిడిలోనే బిగించిన రకములున్నవి. ఆ బ్యాటరీ సత్తువ ఉడిగిననాడు పిడి మొత్తము వృథా. సెల్లుల బ్రష్షుకు ఆ భయము లేదు. అయితే దానికి వేరొక బలహీనత గలదు. క్రొత్త ఆల్కలైన్ సెల్లు ఒకటిన్నర వోల్టులు ఇచ్చును. అది తరిగిన కొలది మోటారు మెల్లగా మందగించును. మందగించుట క్రమముగా జరుగుట చేత వాడువారికి తెలియదు. సెల్లు వేసిన తేదీని కాగితముపై వ్రాసి పెట్టుకొనుట మంచిది. ఊరికి పోవునపుడు సెల్లును తీసివేయవలెను. లేనిచో అది కారి లోపలి రేకులను తినివేయును. వాడిన సెల్లులను చెత్తకుప్పలో వేసి తగులబెట్టరాదు. బ్యాటరీ వ్యర్థములను సేకరించు బాధ్యతను 2022 నాటి నిబంధనలు ఉత్పత్తిదారులపైననే ఉంచినవి.

మూడవది కుంచె. వెంట్రుకలు మెత్తనివి కావలెను. తల చిన్నది కావలెను, అప్పుడే కడపటి దవడపండ్ల వెనుకకు అందును. గుండ్రని తల అటునిటు తిరుగు రకము, పొడవైన తల కంపించు రకము అని ముఖ్యముగా రెండు విధములున్నవి. పైన చెప్పిన సమీక్షలో ఎక్కువ సాక్ష్యము లభించినది మొదటి రకమునకు. అట్టమీద "సోనిక్" అను పదమున్నంత మాత్రమున మోసపోరాదు. నిమిషమునకు ఎన్ని కంపనములో అంకె వేసినారా లేదా యని చూడవలెను. నీటిలో తడిసినను చెడనిదని తెలుపు గుర్తు ఉండుట మేలు. ఐపీఎక్స్ 7 అని యున్నచో ఒక మీటరు లోతు నీటిలో అరగంట యుంచి పరీక్షించినదని అర్థము.

నాల్గవది, నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది: ఎవరి కొరకు కొనుచున్నామో వారి చేతికి దుకాణములోనే ఇచ్చి చూడవలెను. సెల్లులుండుట వలన ఈ బ్రష్షు పిడి లావుగా నుండును. వాతపు వ్రేళ్ళకు ఆ లావే వరము. కాని మీట నొక్కగలరా? సెల్లు మార్చుటకు అడుగు మూతను త్రిప్పగలరా? ఆ అదురును చేయి ఓర్చునా? ఈ మూడింటిని ఏ ప్రకటనయు చెప్పదు.

ఇక ఖరీదు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఒక లెక్కగా ఇయ్యవచ్చును. ఉదాహరణకు, తలతో కూడిన పిడి ధర 600 రూపాయలు, విడి తల 150 రూపాయలు అనుకొందము. మూడేండ్లకు పండ్రెండు తలలు కావలెను, మొదటిది పిడితోనే వచ్చినది. పదునొకండు తలలకు 1,650, పిడికి 600, మొత్తము 2,250 రూపాయలు. తల మార్చుటకు వీలులేని రకము 350 రూపాయలే అనుకొన్నను, మూడు నెలలకొకటి చొప్పున పండ్రెండింటికి 4,200 రూపాయలు. చౌకయని కొన్నది దాదాపు రెట్టింపు ప్రియమైనది! సెల్లుల ఖర్చు రెండింటికిని సమానమే. నలుబది రూపాయల మామూలు బ్రష్షులు పండ్రెండు కొన్నచో 480 రూపాయలు. ఈ మూడవ అంకెను గూడ పిల్లలచేత వ్రాయింపవలెను. ఏలయన, చేతులు చక్కగా ఆడుచున్న విద్యార్థి మెత్తని మామూలు బ్రష్షుతో, ఫ్లోరైడు గల పేస్టుతో, గడియారము చూచుకొని రెండు నిమిషములు శ్రద్ధగా తోముకొన్నచో అతనికి లోటేమియు లేదు. యంత్రము కొననందుకు ఏ పిల్లవాడును చిన్నబుచ్చుకొన నక్కరలేదు.

యంత్రము కొన్నవారు గూడ ఒక విషయము మరువరాదు. దానిని పండ్లపై నొక్కి రుద్దరాదు. చిగురు అంచున ఆనించి, ఒక్కొక్క పన్ను మీదికి మెల్లగా జరుపుచు పోవలెను. గట్టిగా అదిమినచో చిగుళ్ళకు హాని. నోటిని నాలుగు భాగములుగా తలచుకొని భాగమునకు అరనిమిషము ఇయ్యవలెను. చౌక రకములలో కాలము తెలుపు ఏర్పాటు లేకపోయినను బాధలేదు. గోడగడియారము ఆ పని చేయును.

కావున నా అభిప్రాయమిది. చేతిలో పట్టు తప్పిన వృద్ధులకు, వణకు గలవారికి, పండ్లకు తీగలు కట్టించుకొన్న పిల్లలకు బ్యాటరీ బ్రష్షు విలాసము కాదు, అవసరము. అట్టివారున్న ఇంట కొన్ని వందల రూపాయలు దీనికి వెచ్చించుట తగును. తక్కినవారు కొన్నను కొనకపోయినను ఒకటే. పరిహసించువారు మాత్రము, పరిహసించుటకు ముందు తమ యింటిలోని ముసలివారి చేతులవైపు ఒకసారి చూడవలెను. వారు చెప్పరు. మనమే కనిపెట్టవలెను.

మా అమ్మకు రెండవసారి ఆమెను వెంట తీసికొనిపోయి, ఆమె చేతితో మీట నొక్కించియే కొంటిని. ముందుగా వైద్యునిచేత గార తీయించితిమి. మొదటిరోజున "ఏమిట్రా ఇది, నోట్లో తుమ్మెద దూరినట్టుంది" అని నవ్వినది. ఇప్పుడు చిగుళ్ళనుండి నెత్తురు వచ్చుట లేదు. ప్రతి ఉదయము పెరటిలో ఆ రొద రెండు నిమిషములు వినవచ్చును. అది ఆగిన తరువాతనే కాఫీ.