యంత్రం తప్పు చెబితే అడగాల్సిన ప్రశ్నలు రాసిపెట్టుకుందాం

పత్తి ఆకు ఎర్రబడితే ఫొటో తీసి ఫోన్‌ను అడుగుతున్నాం. పీఎం కిసాన్ పైసలు ఎందుకు పడలేదో తెలుసుకోవడానికి 2023లో కేంద్రం తెచ్చిన కిసాన్ ఈ-మిత్రను అడుగుతున్నాం. అది తెలుగులోనూ జవాబిస్తోంది. రేషన్ కార్డు ఉండాలా పోవాలా అన్నది కూడా మనకు కనపడని కంప్యూటర్ లెక్కగడుతోంది. ఏఐ అనే మాట మన ఊళ్లకు కొత్తది కాదిప్పుడు. అది సరిగ్గా చెప్పిన రోజు ఎవరికీ ఇబ్బంది లేదు. తప్పు చెప్పిన రోజే ఎవరిని, ఏమని అడగాలో తెలియక మన రైతులు ఆగిపోతున్నారు. ఆ ప్రశ్నలను ఒక్కసారి సరిగ్గా రాసి పెట్టుకుని, ఊరూరా మళ్లీ మళ్లీ వాడుకుందామని ఈ సంచికలో కోరుతున్నాం.

మనం ఏఐకి వ్యతిరేకులం కాము. 1972 నుంచి మన పటాన్‌చెరులోనే ఉన్న ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కంపెనీతో కలిసి 2016 వానాకాలంలో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఒక ప్రయోగం చేసింది. 175 మంది రైతులకు ఎప్పుడు విత్తాలో తెలుగులో ఫోన్ సందేశాలు పంపింది. తొలి చినుకుకే తొందరపడొద్దు, నేలలో తగినంత పదును చేరాక విత్తండి అన్నది ఆ సలహా సారం. ఆ రైతులకు దిగుబడి సగటున 30 శాతం ఎక్కువ వచ్చిందని ఇక్రిశాట్ ప్రకటించింది. ఆ సలహా వెనక ఆ ప్రాంతపు 30 ఏండ్ల వాతావరణ లెక్కలున్నాయి. అందుకే పని చేసింది. మరి నారాయణఖేడ్ నల్లరేగడిలో పత్తి వేసే రైతుకూ, జహీరాబాద్ ఎర్రచెల్కలో అల్లం పెట్టే రైతుకూ ఒక యాప్ ఒకే మాట చెబితే? మన పుస్తకంలో మొదటి ప్రశ్న ఇదే కావాలి: ఈ మాట ఏ నేల, ఏ ఊరి వాన చూసి చెబుతున్నావు?

ప్రశ్న అడిగే దారి లేకపోతే ఏమవుతుందో మన రాష్ట్రం చూసింది. సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు శాఖల రికార్డులను తెచ్చి, ఒకే మనిషివి అనుకున్నవాటిని ఒకచోట జత చేస్తుంది. ఎవరికి కారు ఉంది, ఎవరికి భూమి ఉంది అని చూసి అర్హత తేల్చడానికి దాన్ని వాడారు. పేర్లు కలిసినంత మాత్రాన మనుషులు ఒకటవుతారా? హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయన పేరు కారున్న ఇంకొకరి పేరుతో కలిసిపోయింది. ఆ ఇంటికి రేషన్ ఆగింది. 2016లో ఇంటికి వచ్చి చూడకుండా, కంప్యూటర్ లెక్కతో సుమారు 19 లక్షల కార్డులు రద్దు చేశారన్న కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు, రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. అంటే ఒక అధికారి గడప దాకా వచ్చి చూడాల్సిన పని ఆరేండ్ల తర్వాత కోర్టు చెబితే మొదలైంది. ఆ ఆరేండ్లు ఆ కుటుంబాలు బియ్యం కొనుక్కునే తిన్నాయి.

పంట దగ్గరికి వద్దాం. పత్తి ఆకు ఎర్రబడటానికి పచ్చదోమ కారణం కావొచ్చు, మెగ్నీషియం లోపం కావొచ్చు, చలి కావొచ్చు. మూడింటికీ వైద్యం ఒకటి కాదు. ఫొటో చూసిన యంత్రం ఒక్క కారణం చెప్పి, ఒక్క మందు రాసి ఊరుకుంటే రైతు జేబు ఖాళీ అవుతుంది, ఆకు ఎరుపు పోదు. మన పారిశ్రామిక ప్రాంతంలో ఇంకో చిక్కుంది. ఆకు అంచులు మాడితే యంత్రం దాన్ని తెగులు అనుకోవచ్చు. రాత్రి పొగ వదిలిన గొట్టం, వాగులోకి వదిలిన రసాయనపు నీళ్లు ఆ ఫొటోలో కనపడవు. రైతు చెప్పకపోతే యంత్రానికి తెలియదు. దాన్ని అడగనిదే అది చెప్పదు.

అందుకే కింది ప్రశ్నలను రాసుకోండి. ఖాళీల్లో మీ వివరాలు నింపి, ఉన్నదున్నట్టు చదవండి లేదా టైపు చేయండి.

ఒకటి. "మాది ____ మండలం, ____ నేల. పంట ____, విత్తి ____ రోజులైంది. చివరి వాన ____ రోజుల కింద పడింది. చుట్టుపక్కల ఫ్యాక్టరీ ____ దూరంలో ఉంది. పారే నీళ్లు ____ నుంచి వస్తాయి. జవాబు చెప్పేముందు నన్ను ఇంకేం అడగాలో అడుగు."

రెండు. "ఈ లక్షణం ఏయే కారణాల వల్ల రావొచ్చు? కనీసం మూడు చెప్పు. పొలంలో నిలబడి ఒకదాని నుంచి ఒకటి ఎట్లా గుర్తుపట్టాలో చెప్పు. అప్పటిదాకా మందు పేరు చెప్పకు."

మూడు. "నేను చెప్పినవాటిలో దేన్ని పట్టుకుని ఈ మాట అన్నావు? నేను చెప్పకున్నా నువ్వు అనుకున్నది ఏమిటి?"

నాలుగు. "ఈ మోతాదు ఎకరానికా, హెక్టారుకా? లీటరు నీటికి ఎంత? ఈ పంట మీద ఈ మందుకు అనుమతి ఉందని ఎక్కడ చూసుకోవాలి?" ఈ ప్రశ్నను ఎన్నడూ వదలొద్దు. ఒక హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. హెక్టారుకు చెప్పిన మందు ఎకరంలో పోస్తే పంటా పోతుంది, కొట్టిన మనిషి ప్రాణానికీ ముప్పే.

ఐదు. "నీ జవాబు తప్పయితే పొలంలో ఎన్ని రోజుల్లో, ఏ గుర్తు కనిపిస్తుంది?"

ఈ ప్రశ్నలు వాడేటప్పుడు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. "నిజమేనా?" అని ఊరికే అడగొద్దు. అట్లా అడిగితే చాలాసార్లు అది క్షమాపణ చెప్పి మాట మారుస్తుంది. మొదటి మాటే సరైనదైనా మార్చేస్తుంది. తప్పు ఎందుకు చేశావని అడిగితే కూడా నమ్మేటట్టు ఒక కారణం చెబుతుంది. ఆ కారణమూ అల్లిందే కావొచ్చు. అనుమానం వస్తే సంభాషణ మూసేసి, కొత్తగా తెరిచి అదే ప్రశ్న అడగండి. రెండుసార్లు రెండు మాటలు చెబితే ఆ సలహా మీద పైసా ఖర్చు పెట్టొద్దు. ప్రశ్న మార్చి చూసేటప్పుడు ఒక్కసారికి ఒక్క వివరమే మార్చండి. నేల, పంట, ఫొటో అన్నీ ఒకేసారి మారిస్తే ఎక్కడ దెబ్బతిన్నదో తేలదు. మనం మక్కలు అంటాం, పుస్తకాల్లో మొక్కజొన్న అంటారు. మన మాట దానికి అర్థం కాకపోతే ఏ మాటకు తడబడిందో కూడా రాయండి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటీపీ మాత్రం ఏ యంత్రానికీ చెప్పొద్దు.

చివరి మాట ఎప్పుడూ మనిషిదే కావాలి. మొక్కను పట్టుకుని రైతు వేదికకు పోయి ఏఈవోకు చూపించండి. లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551కు ఫోన్ చేయండి. ఇది ఉచితం. యంత్రం చెప్పింది, మనిషి చెప్పింది రెండూ పక్కపక్కన రాయండి.

ఇక ఆఫీసు సంగతి. పెన్షన్ ఆగింది, కార్డు పోయింది, కిస్తీ పడలేదు అని పోతే కౌంటర్ దగ్గర వినపడే జవాబు ఒక్కటే: "సిస్టంలో అట్లా చూపిస్తోంది." ఇది జవాబు కాదు. అక్కడ అడగాల్సినవి ఇవి:

ఈ నిర్ణయం తీసుకున్న అధికారి హోదా ఏమిటి?

ఏ రికార్డు చూసి, ఏ తేదీ నాటి రికార్డు చూసి తీసుకున్నారు? నకలు ఇవ్వండి.

ఆ రికార్డు నాదేనని దేనితో తేల్చారు? పేరుతోనా, ఆధార్‌తోనా, సర్వే నంబరుతోనా?

ఆపేముందు నాకు నోటీసు ఇచ్చారా? ఎవరైనా వచ్చి చూశారా?

సరిదిద్దే అధికారం ఎవరిది? ఎన్ని రోజుల్లో చేస్తారు?

ఈ ఐదూ తెల్ల కాగితం మీద రాసి, సంతకం పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడ ఇవ్వొచ్చు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నాటి ఆ చట్టం సెక్షన్ 4(1)(డి) ప్రకారం, ప్రభుత్వ కార్యాలయం తన నిర్ణయానికి కారణాలను దాని వల్ల నష్టపోయిన వారికి చెప్పాలి. కంప్యూటర్ తీసిన నిర్ణయమైతే చెప్పనక్కర్లేదని ఆ చట్టంలో లేదు. దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబివ్వాలి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు.

ఇదంతా రాసి పెట్టుకోవడం ఎందుకని కొందరు అడగొచ్చు. నక్కవాగును గుర్తు చేసుకుందాం. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థాలతో ఆ వాగు పాడై, పక్క ఊళ్ల బావులు, పొలాలు చెడిపోయినప్పుడు పోరాటం వీధుల్లోనే ఆగలేదు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు చేరింది. డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివారు ఏండ్ల తరబడి దాని వెంట నడిచారు. నష్టపోయిన రైతులకు పరిహారం ఇవ్వాలని కోర్టు చెప్పిందంటే, నీళ్ల పరీక్షలు, పాడైన ఎకరాల లెక్కలు కాగితం మీద ఉండబట్టే. నోటి మాట గాలికి పోతుంది. రాసిన మాట కోర్టులో నిలబడుతుంది.

కాబట్టి ప్రతి గ్రామ కమిటీ ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం కొనాలి. ఒక సమస్యకు ఒక పేజీ. తేదీ, యాప్ పేరు లేదా ఆఫీసు పేరు, మనం అడిగిన ప్రశ్న మాట మార్చకుండా, అది చెప్పిన జవాబు మాట మార్చకుండా, తర్వాత పొలంలో లేదా ఖాతాలో జరిగింది, తప్పును బయటపెట్టిన ప్రశ్న. ఇంత చాలు. బాగా పనిచేసిన ప్రశ్నకు పక్కన టిక్కు పెట్టండి. ఈ యంత్రాలను కంపెనీలు తరచూ మారుస్తుంటాయి. నిరుడు పనిచేసిన ప్రశ్న ఈ ఏడు పనిచేయకపోవచ్చు. అప్పుడు దాన్ని చింపేయకుండా తేదీ వేసి కొట్టేయండి. రాయడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత రాయించండి. రైతు పేరు, నంబర్లు ఊరి పుస్తకంలోనే ఉండాలి. మండల కమిటీకి ప్రశ్నలు, ఫలితాలు మాత్రమే పంపాలి. ఒక ఊళ్లో దొరికిన మంచి ప్రశ్న వచ్చే నెల ఈ పత్రికలో అచ్చవుతుంది, పది ఊళ్లకు చేరుతుంది.

ఈ పని మన నెత్తిన వేసుకుంటున్నామంటే ప్రభుత్వ బాధ్యత తీరినట్టు కాదు. మన డిమాండ్లు ఇవి: యంత్రం లెక్కతో ఎవరి లబ్ధి ఆపినా కారణం తెలుగులో రాసి ఇవ్వాలి. ఆపేముందు మనిషి వచ్చి చూడాలి. అప్పీలు తేలేదాకా బియ్యం, పెన్షన్, కిస్తీ ఆగొద్దు. పంట సలహా ఇచ్చే ప్రతి యాప్, తన సలహా ఏ ప్రాంతపు లెక్కల మీద ఆధారపడిందో చెప్పాలి. ఆ సలహా వల్ల పంట పోతే బాధ్యత ఎవరిదో ముందే రాసి పెట్టాలి.

ఈ డిమాండ్లు పట్టుకుని అధికారుల ముందు కూర్చున్న రోజు, "ఎక్కడ తప్పు జరిగింది, చూపించండి" అంటారు. ఆ రోజు బల్ల మీద పెట్టడానికి మన ఊళ్ల పుస్తకాలు ఉండాలి. వచ్చే నెల మండల సమావేశానికి ప్రతి గ్రామ కమిటీ కనీసం మూడు నిండిన పేజీలతో రావాలని కోరుతున్నాం.