ఓడిన రోజున కూడా మనవాడే

పోటీల కాలం మొదలై నెల తిరగకముందే తీర్పులు వెలువడతాయి. మూడు ఆటలు ఓడిన జట్టు పనికిరానిదవుతుంది, కోచ్ అసమర్థుడవుతాడు, గోల్ తప్పిపోయిన కుర్రవాడు ద్రోహి అవుతాడు. ఒకప్పుడు ఈ కోపం మైదానం దాటి ఎంతో దూరం వెళ్లేది కాదు. నేడు జూపాడు బంగ్లాలోనైనా, ఆళ్లగడ్డలోనైనా ఫోను చేతిలో ఉన్న ప్రతి యువకుడూ కోల్‌కతా ఆటకు ప్రేక్షకుడే, అదే క్షణంలో న్యాయమూర్తి కూడా. ఆ తీర్పులో వాడే మాటలు చివరకు ఎవరి మెడకు చుట్టుకుంటాయో మన సముదాయానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అందుకే దీనిని కేవలం క్రీడావార్తగా వదిలివేయలేము.

2024-25 ఇండియన్ సూపర్ లీగ్ ఆరంభాన్ని ఒకసారి గుర్తుచేసుకుందాం. 1891లో పుట్టిన కోల్‌కతా మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్ ఐ-లీగ్ గెలిచి, మొదటిసారి ఆ లీగ్‌లో అడుగుపెట్టింది. సెప్టెంబరు 16న తొలి ఆటను చివరి నిమిషాల గోల్‌తో ఓడింది, గోవాతో సమంగా నిలిచింది, చెన్నైలో గెలిచింది. ఆశలు ఆకాశాన్నంటాయి. అక్టోబరులో మోహన్ బగాన్ చేతిలో 3-0తో ఓడింది. అక్టోబరు 20న కేరళ బ్లాస్టర్స్ చేతిలో 2-1తో ఓడిన రోజున కొందరు అభిమానులు మైదానంలోకి, అతిథి అభిమానుల మీదికి సీసాలు విసిరారు. ఆరు రోజుల తరువాత హైదరాబాద్ ఎఫ్‌సీ అదే జట్టును దాని సొంత నగరంలోనే 4-0తో ఓడించింది. ఆ హైదరాబాద్ జట్టు అప్పటివరకు ఒక్క ఆట కూడా గెలవలేదు.

ఓటమికి బాధపడటం అభిమాని హక్కు. ఆటతీరును, ఎంపికను, యాజమాన్యాన్ని విమర్శించడం కూడా అతని హక్కే. కాని కేరళ నుంచి తమ జట్టు కోసం వచ్చిన మనిషి మీదికి సీసా విసరడం ఏ హక్కు కిందికీ రాదు. రిఫరీ అన్యాయం చేశాడన్న సాకు దీనికి చెల్లదు. పైగా ఆ క్లబ్ పేరు మామూలు పేరు కాదు. 1934 నుంచి 1938 వరకు వరుసగా ఐదేళ్లు కలకత్తా లీగ్ గెలిచి, 1940లో డ్యూరాండ్ కప్ అందుకున్న మొదటి భారతీయ జట్టుగా నిలిచింది. తెల్లవారి పటాలాలను ఓడించిన ఆ విజయాలను దేశమంతటా ముస్లిం కుటుంబాలు తమవిగా చెప్పుకున్నాయి. ఆ గౌరవం మనదైనప్పుడు, ఆ పేరుతో జరిగిన తప్పును ఖండించే బాధ్యత కూడా మనదే.

తొలి ఫలితాలనే తుది తీర్పుగా తీసుకుంటే ఏమి పోగొట్టుకుంటామో హైదరాబాద్ చరిత్రే చెబుతుంది. ఉపాధ్యాయుడిగా బతుకు ప్రారంభించిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును 1950 నుంచి వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపారు. ఆయన శిక్షణలోని భారత జట్టు 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. నేటి కాలమైతే ఆ రాత్రే ఆయన కథ ముగిసేది. నాలుగేళ్ల తరువాత ఆయన జట్టే మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తొలి ఆటనే దక్షిణ కొరియాకు 2-0తో చేజార్చుకున్నారు. రహీమ్ జట్టును తిట్టిపోయలేదు, సరిదిద్దుకున్నారు. తలకు గాయమైన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను ముందు వరుసకు పంపారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో అదే కొరియాపై 2-1తో స్వర్ణం గెలిచారు. గెలిపించిన రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్‌దే. క్యాన్సర్‌తో పోరాడుతున్న రహీమ్ మరుసటి జూన్‌లో కన్నుమూశారు.

ఇక రెండో మాట. ఓటమి ఎదురైనప్పుడు ఆటగాడి పాదాలను వదిలి అతని మతాన్ని వెతికే జాడ్యం మనకు కొత్త కాదు. 2021 అక్టోబరు 24న దుబాయ్‌లో భారత్ పది వికెట్ల తేడాతో పాకిస్తాన్ చేతిలో ఓడింది. పదకొండు మంది ఓడితే నిందలు మాత్రం మహమ్మద్ షమీ మీద కురిశాయి, అతని మతాన్ని పట్టుకొని. నాటి కెప్టెన్ విరాట్ కోహ్లీ బహిరంగంగా అతని పక్షాన నిలిచారు. జర్మనీలో మెసుట్ ఓజిల్ 2018లో జాతీయ జట్టును వీడుతూ, గెలిస్తే జర్మన్, ఓడితే వలసదారు అన్నట్లు తనను చూశారని వాపోయాడు. గెలిచినన్నాళ్లే నిలిచే చేరిక చేరిక కాదు. అది షరతులతో కూడిన అనుమతి. పౌరసత్వం ఓడిన రోజున కూడా చెల్లుబాటు కావాలని మనం కోరుతున్నాం. ఆ కోరిక న్యాయమైనది. కాబట్టే మన జట్టులో గోల్ తప్పిన కుర్రవాడికీ, మన మైదానానికి వచ్చిన పరాయి ఊరి అభిమానికీ అదే న్యాయం మన చేతుల మీదుగా అందాలి. మనం ఇవ్వనిదాన్ని ఇతరులను అడిగే నోరు మనకు ఉండదు.

కోపం వద్దని మేము అనడం లేదు. దాని గురి మారాలంటున్నాము. 2022లో లీగ్ విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీలో 2023-24 నాటికి ఆటగాళ్లకు జీతాలు అందని స్థితి వచ్చింది. చాలామంది వెళ్లిపోయారు. ఆ ఏడాది 22 ఆటలలో జట్టు గెలిచింది ఒక్కటే. 2025లో జట్టు ఏకంగా ఢిల్లీకి తరలిపోయింది. రహీమ్ నగరంలో అత్యున్నత లీగ్ జట్టు లేకుండా పోవడం ఏ ఒక్క ఆట ఓటమి కన్నా పెద్దది. దాని మీద మన గొంతులు ఎంత లేచాయి? ఒక ఆటగాణ్ణి దూషించడానికి పెట్టే శ్రమలో పదోవంతు ఈ ప్రశ్నలు అడగడానికి పెడితే యాజమాన్యాలు జవాబు చెప్పక తప్పదు.

నంద్యాల జిల్లా యువతను మేము కోరేది స్వల్పమే. మండలంలోని ఉన్నత పాఠశాలకు ఆటస్థలం ఉందా, వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నాడా, బంతి ఉందా అని అధికారులను లిఖితపూర్వకంగా అడగండి. ఉర్దూ మాధ్యమ పాఠశాలల పిల్లలనూ, వారి పొరుగు పిల్లలనూ ఒకే జట్టులో ఆడించండి. మొదటి మూడు ఆటలు ఓడితే నాలుగో ఆటకు మరికొంత మందిని వెంట తీసుకుపోండి. గెలిచిన జట్టు వెంట నడవడానికి జనం ఎప్పుడూ ఉంటారు. ఓడిన జట్టు వెంట నడిచేవారే దాన్ని నిలబెడతారు.