ముందు బూట్లు, తర్వాత బస్సు

"స్నానం చేసి, బట్టలేసుకుని, బ్యాగు సర్దుకుని రా!" మనకిది ఒక్క మాట. ఏడీహెచ్‌డీయో ఆటిజమో ఉన్న ఎనిమిదేళ్ల పిల్లాడికి మూడు పనులు. మొదటిది పూర్తయ్యేలోపు మిగతా రెండూ బుర్రలోంచి జారిపోవచ్చు. మనం మాత్రం "మొండి", "బద్ధకం" అని పేరు పెట్టేస్తాం.

చెప్పింది కాసేపు గుర్తుంచుకోవడం, తొందరను ఆపుకోవడం, ఒక పని నుంచి ఇంకో పనికి మారడం... వీటిని కలిపి ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ప్రాసెసర్ బాగానే ఉంది, ర్యామ్ చాలట్లేదు. తిడితే ర్యామ్ పెరగదు కదా! గుర్తుంచుకోవాల్సినదాన్ని గోడ మీదికి తేవాలి. బొమ్మల పట్టిక, టైమర్, "ముందు ఇది, తర్వాత అది" అనే రెండు గళ్ల కార్డు అందుకే.

మరి ఆ కార్డు ఏ భాషలో ఉండాలి?

నేనుండే టెక్సాస్‌లో స్పానిష్ మాట్లాడే ఇళ్లు చాలా ఎక్కువ. మా ఎదురింటి మెక్సికన్ అమ్మకి ఎవరో "బాబుతో ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, రెండు భాషలైతే గందరగోళపడతాడు" అన్నారట. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం. అమ్మమ్మకి అసలు రాదు. ఇంకేముంది, ఇంట్లో వాడితో మాటలే తగ్గిపోయాయి. ఓపిగ్గా విడమరిచి చెప్పాల్సిన పిల్లాడికి చెప్పేవాళ్లే కరువయ్యారు.

నిజానికి రెండు భాషలు వింటే ఆటిజం ఉన్న పిల్లలు మాటల్లో వెనకబడతారన్న భయానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. ఇప్పుడు వాళ్ల ఫ్రిజ్ మీద "ప్రిమేరో", "దెస్పుయేస్" అని రాసిన కార్డుంది. అంటే ముందు, తర్వాత. ముందు బూట్ల బొమ్మ, తర్వాత స్కూల్ బస్సు బొమ్మ. అమ్మమ్మ కూడా చూపించి చెప్పగలదు. ఇదివరకు ప్రేమకొద్దీ ఆవిడే బూట్లు తొడిగేసేది. ఇప్పుడు చివరి పట్టీ మాత్రం మనవడికి వదిలేస్తోంది. అది వచ్చాక దాని ముందుది. నేర్పడమంటే అలా మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకోవడమే.

స్కూలు సంగతీ చెప్పాలి. అమెరికాలో ఐడీఈఏ అనే చట్టం ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి స్కూలు ఐఈపీ అనే ప్రణాళిక రాయాలి. తల్లిదండ్రుల సమ్మతి అడిగేటప్పుడు వాళ్ల భాషలోనే వివరించాలి. ఆ సమావేశానికి అవసరమైతే దుబాసీని ఏర్పాటు చేయాల్సిందీ స్కూలే. పెద్దక్కనో అన్ననో కూర్చోబెట్టి అనువాదం చేయించొద్దు. "బ్యాగు తనే సర్దుకోవాలి" లాంటివి కూడా ప్రణాళికలో లక్ష్యాలుగా రాయమని అడగొచ్చు. స్కూల్లో వాడే బొమ్మలే ఇంటికీ ఇవ్వమనండి.

"ఇంట్లో ఇంగ్లీషే" అన్న సలహా ఇక్కడి మన తెలుగువాళ్లకీ వినిపిస్తూనే ఉంటుంది. మీకూ ఎవరైనా చెబితే కంగారుపడి తెలుగు మానేయకండి. రోజూ గొడవయ్యే పని ఒక్కటి ఎంచుకోండి. దాన్ని మూడు బొమ్మలుగా గీసి, కింద తెలుగులోనే రాసి, పిల్లాడి కంటికి అందే ఎత్తులో అతికించండి.